సింక్ ఆఫ్ చేసిన శనివారం

జూలై 2, బుధవారం

డబ్బాలొచ్చాయి. నాలుగు కొత్త సిగ్నల్ జనరేటర్లు. ఎన్నాళ్ళుగానో అడుగుతుంటే లేదన్న కాలేజీ వాళ్ళు, తనిఖీ కమిటీ వస్తోందనేసరికి పరుగెత్తి కొన్నారు. మా హెచ్‌ఓడీ నరసింహమూర్తి గారు పిలిచి, వీటి మీద ఒక కొత్త ప్రయోగం రాయాలండీ స్నేహలత గారూ, పాతవన్నీ కమిటీ వాళ్ళు చూసేసినవే అన్నారు. దేని మీద రాయమంటారన్నాను. మీ ఇష్టమన్నారు. అయితే సింక్ అవుట్‌పుట్ మీద రాస్తానన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాకెట్‌కి మా కాలేజీలో ఇంతవరకు ఎవరూ కేబుల్ పెట్టిన పాపాన పోలేదు మరి.

నాకైతే ఎప్పట్నుంచో దాని మీద కన్ను. ఈ పెట్టెకి ముందువైపు రెండు సాకెట్లుంటాయి. ఒకదాంట్లోంచి తరంగం వస్తుంది. రెండోదాంట్లోంచి, ఇదిగో మొదలైంది, ఇదిగో అయిపోయింది అన్న కబురు మాత్రం వస్తుంది. ఆ కబురు స్కోపుకి, అంటే తరంగాన్ని గీసి చూపించే తెరపెట్టెకి అందిస్తే, తెర మీద తరంగం కదలకుండా నిలబడుతుంది. లేకపోతే జారిపోతూనే ఉంటుంది. మా పిల్లలు నాబ్ పట్టుకుని తిప్పీ తిప్పీ ఎలాగో ఆపుతారు. సీనియర్ల రికార్డుల్లోనూ అదే, వాళ్ళ సీనియర్ల రికార్డుల్లోనూ అదే: "తరంగము నిలుచువరకు నాబ్‌ను త్రిప్పవలెను." ఎందుకు నిలిచిందో ఒక్కళ్ళూ అడగరు.

ట్రైన్ పూళ్ళ దాటింది. ఏలూరు వచ్చేలోగా ఇంకో సంగతి రాసేస్తాను. ఒక్కసారే రాస్తాను, మళ్ళీ మళ్ళీ రాయను.

మా పాప పెర్సిస్‌కి వచ్చే నెలకి రెండున్నరేళ్ళు నిండుతాయి. ఒక్క మాట లేదు. అమ్మా అని కూడా అనలేదు. ఏలూరులో చెవి డాక్టరు గారు చూసి, విజయవాడ తీసుకెళ్ళి ఫలానా పరీక్ష చేయించమని రాశారు. వినికిడి లేకపోతే త్వరగా తేలాలట, మూడేళ్ళు దాటిపోతే మాట రావడం కష్టమైపోతుందట. ఆ కాగితం ఫ్రిజ్ మీదుంది. మా ఆయన రోజూ దాని వంక చూసి నా వంక చూస్తారు. నేను మాత్రం దానికి బాగానే వినపడుతోందంటున్నాను. మా మావగారికి నాలుగేళ్ళకి గానీ మాట రాలేదట, వచ్చాక ఆపడం ఎవరి తరమూ కాలేదట. కొందరు పిల్లలంతే.

జూలై 3

సింక్ రాలేదు. కేబుల్ మార్చాను, స్కోపు మార్చాను, రెండో డబ్బా విప్పి దాన్లో పెట్టె కూడా తీశాను. మధ్యాహ్నమంతా పోయింది. చివరికి మెనూలో ఎక్కడో లోపల దొరికింది: సింక్, ఆఫ్. కంపెనీ వాడే ఆఫ్ చేసి పంపుతాడట. పెళ్ళికి పిలిచి గుమ్మానికి తాళం వేసుకున్నట్టుంది. నాకు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వూ వచ్చింది.

జూలై 5, శనివారం

అత్తయ్యగారు ఈ పూట వసకొమ్ము అరగదీసి, తేనెలో కలిపి పెర్సిస్ నాలిక్కి రాశారు. పక్కింటి వెంకటలక్ష్మి గారిచ్చారట. మీరు చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి కదండీ అని ఆటపట్టించాను. వేరుకి మతమేంటమ్మాయ్ అన్నారు. మా అత్తగారు మార్తమ్మ గారితో ఎవరూ గెలవలేరు. నేను జనరేటర్ల మీద పని చేస్తున్నానని చెబితే, కరెంటు పోయినప్పుడు ఒకటి ఇంటికి తెచ్చుకోవచ్చేమో కనుక్కో అన్నారు.

సాయంత్రం ఆయన ఆకివీడు నుంచి వచ్చారు. అక్కడ చేపల ప్యాకింగ్ యార్డులో సూపర్‌వైజరు. స్నానం చేసి వచ్చి, మంగళవారం సెలవు పెడతాను, విజయవాడ వెళ్ళొద్దాం అన్నారు. కమిటీ వస్తోంది కదండీ అన్నాను. మంగళవారమే వస్తోందా అని అడగొచ్చు ఆయన. అడగలేదు. మా ఆయన సుకుమార్ మంచితనం ఒక్కోసారి నన్ను చంపేస్తుంది.

సింక్ విషయానికొస్తే, నిన్న ఇంకో సరదా కనిపెట్టాను. మీట నొక్కినప్పుడే సరిగ్గా ఒక్క సెకను పాటు తరంగం వెళ్ళి ఆగిపోయేలా పెట్టెయ్యొచ్చు. అప్పుడు సింక్ కూడా ఆ సెకనంతా పైకి లేచి ఉండి, తరంగం ఆగగానే దిగిపోతుంది. ఒక రెసిస్టరు, ఒక పెద్ద ఎర్ర ఎల్‌ఈడీ పెట్టి చూశాను. నొక్కితే వెలిగింది, సెకను అవగానే ఆరింది. మా ఎలక్ట్రానిక్స్ వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. ఏది కట్టినా దాని చివర ఒక ఎల్‌ఈడీ వెలిగితే గానీ పని చేస్తోందని నమ్మం.

జూలై 9, బుధవారం

నిన్న సాయంత్రం ఆయన పెర్సిస్‌ని వెనకనుంచి పిలిచారు. తిరగలేదు. మళ్ళీ పిలిచారు. గిన్నెలతో ఆడుకుంటోంది, ధ్యాసంతా అక్కడే ఉంది అన్నాను. కాసేపాగి లైటు స్విచ్చి వేశారు. వెంటనే తిరిగి ఆయన్ని చూసి చేతులు చాపింది. చూశారా అన్నాను. చూశాను అన్నారు.

చప్పట్లూ పళ్ళేలూ పిలుపులూ, ఇవేం పరీక్షలు? ఎంత శబ్దమో తెలీదు, ఏ శబ్దమో తెలీదు, ఎప్పుడు మొదలైందో తెలీదు. నా దగ్గర అన్నీ అంకెలతో సహా చెప్పే పెట్టె ఉంది. నేను ఎం.టెక్. చదివాను. మా పిల్లకి పరీక్ష నేనే పెడతాను.

జూలై 12, రెండో శనివారం

తిరిగింది. తిరిగింది. నొక్కిన ప్రతిసారీ తిరిగింది.

ఇంత సంతోషంగా ఉండి ఎన్నాళ్ళయిందో. మొదటినుంచీ రాస్తాను.

కాలేజీకి సెలవు. ప్రయోగం పని ఉందని మూర్తి గారినడిగి ల్యాబ్ తాళం తీసుకున్నాను. పెర్సిస్‌ని వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం ట్రైనెక్కాను. దారి పొడుగునా అది కిటికీ వదిలితే ఒట్టు. చెరువు మీంచి కొంగలు లేచినప్పుడల్లా నా గడ్డం పట్టి అటు తిప్పింది.

ల్యాబ్‌లో ఒక వరస లైట్లే వేశాను. సెలవురోజు కరెంటు కాల్చానంటే మూర్తి గారి ప్రాణం గిలగిల్లాడుతుంది. కింద జంపఖానా పరిచి దాన్ని కూచోబెట్టి, మూతి తెరిచి మూసే క్లిప్పులు ఒక డబ్బా నిండా ముందు పోశాను. దానికి ఎడమ పక్క స్టూలు మీద స్పీకరు పెట్టాను, మధ్యలో చిన్న ఆంప్లిఫయరు. పక్కనే తీగలు గుచ్చే బ్రెడ్‌బోర్డు, దాని మీద సింక్‌కి కట్టిన ఎల్‌ఈడీ. శబ్దం ఎప్పుడు వెళ్తోందో నాకు తెలియాలి కదా. నేను బల్ల వెనక దాక్కున్నట్టు కూచున్నాను. నా మొహం చూసి తిరిగిందని రేపు ఎవరూ అనకూడదు.

వెయ్యి హెర్ట్జ్ పెట్టి నొక్కాను. పెర్సిస్ క్లిప్పు వదిలేసి ఎడమపక్కకి తిరిగింది. అది మళ్ళీ ఆటలో పడేదాకా ఆగి, మళ్ళీ నొక్కాను. తిరిగింది. శబ్దం మంద్రంగా మార్చాను, సన్నగా మార్చాను. తిరిగింది. తగ్గించాను. తిరిగింది. బాగా తగ్గించాను, ఎంతంటే ఆ మూల కూచున్న నాకే సరిగ్గా వినపడలేదు, అయినా అది తిరిగింది. నాకంటే బాగా వినపడుతోంది నా తల్లికి!

దాన్ని ఎత్తుకుని ల్యాబంతా గిరగిరా తిరిగాను. ఆయనకి ఫోన్ చేసి, తిరిగిందండీ, ప్రతిసారీ తిరిగింది, నేను పెట్టిన పరీక్షలో పాసయింది అన్నాను. అవతల లారీల రొద. ఆ రొదకి దూరంగా నడిచినట్టున్నారు. తర్వాత, "నిజమేనా స్నేహా?" అన్నారు. ఇంజనీరింగండీ, నమ్మకం కాదు అన్నాను.

జూలై 13, ఆదివారం

చర్చిలో కృతజ్ఞత కానుక వేశాను. పాటలో డోలు అందుకోగానే పెర్సిస్ బెంచీ మీద ఎగిరింది. అత్తయ్యగారికి నిన్నటి సంగతంతా చెప్పాను, హెర్ట్జ్‌తో సహా. ఆవిడ అర్థమైనట్టే తలూపి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. స్తోత్రమండీ అనేసెయ్యొచ్చు కదా, అనలేదు.

విజయవాడ వాళ్ళకి ఫోన్ చేసి, ఆయన బుక్ చేసిన తేదీ వద్దని చెప్పేశాను.

జూలై 16, బుధవారం

మొదటి బ్యాచ్‌తో ప్రయోగం చేయించాను. పిల్లలకి నచ్చింది. నాబ్ ముట్టుకోకుండానే తరంగం నిలబడేసరికి వెనక బెంచీలు కూడా ముందుకొచ్చాయి. ఆరో అంశం నేను కష్టపడి రాశాను: "ఇప్పుడు సింక్‌ను ఆఫ్ చేయండి. ఏమి మారినది? ఎందుకు?" నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. ఒకదాన్ని తీసేసి చూస్తే గానీ పని చేసేది అదేనో కాదో తెలియదని చెప్పాను వాళ్ళకి.

ఒక అమ్మాయి, స్కోపు ఉండగా ఎల్‌ఈడీ ఎందుకు మేడం అనడిగింది. తరంగం వెళ్తున్నట్టు చెవికి తెలియకపోయినా కంటికి తెలుస్తుందమ్మా అన్నాను.

ఆ తర్వాత క్లాసు త్వరగా వదిలేశాను. ఫ్యాన్ గాలి పడటం లేదు నాకు.

జూలై 17

ఇంట్లో పళ్ళెం కింద పడితే పెర్సిస్ తిరిగింది. పళ్ళెం దాని కాలికి తగిలిన మాట నిజమే. అయినా తిరిగింది.

జూలై 20, ఆదివారం

ఈ రోజు ఇంట్లో ఊరికే కూచుని అందర్నీ చూశాను.

మా ఇంట్లో పెర్సిస్‌ని ఎవరూ ఉత్తినే పిలవరు. అత్తయ్యగారు ముందు కాలితో నేల మీద తట్టి, అప్పుడు పిలుస్తారు. ఆయన లైటు వేసి ఆర్పుతారు, లేదా దాని ముందు చెయ్యి ఊపుతారు. వెంకటలక్ష్మి గారు వస్తే మంచం కోడు తట్టి, ఏమే బంగారూ అంటారు. నేను భుజం ముట్టుకుంటాను. ఎవరు నేర్పారో, ఎప్పుడు మొదలెట్టామో ఎవరికీ తెలీదు. ఒకరిని చూసి ఒకరం నేర్చుకున్నట్టున్నాం.

గమనించాను, అంతే. గమనించడం నా వృత్తి.

జూలై 23, బుధవారం

మూర్తి గారు ప్రయోగం కాగితాలు తిరిగిచ్చారు. అంతా బాగుందండీ, ఆరో అంశం దగ్గర ఫలితం రాయకుండా ఖాళీగా వదిలేశారేంటండీ అన్నారు. చూస్తే నిజమే. అన్నీ టైపు చేసి అదొక్కటే వదిలేశాను. సింక్ ఆఫ్ చేస్తే తరంగం జారిపోతుంది, ఒక్క వాక్యం. రాస్తానండీ అన్నాను.

రాయలేదు.

జూలై 24

నాకే వినపడనంత చిన్న శబ్దానికి అదెలా తిరిగింది?

జూలై 26, శనివారం

వరసగా రాస్తాను. రాస్తే గానీ నిలబడదు.

ఒంటిపూట కాలేజీ. కాలేజీలో ప్రార్థన కూడిక ఉందని అత్తయ్యగారితో అబద్ధం చెప్పి పెర్సిస్‌ని నాతో తీసుకొచ్చాను. పిల్లలందరూ వెళ్ళిపోయాక అదే జంపఖానా, అవే క్లిప్పులు, అదే స్టూలు. పాత లెక్క ప్రకారం ముందు ఒకసారి నొక్కాను. తిరిగింది. ఎల్‌ఈడీ ఎర్రగా వెలిగి ఆరింది. దాని కళ్ళు ఎటు వెళ్ళాయో ఈసారి నేను చూశాను.

మెనూ తెరిచాను. సింక్, ఆన్ అని ఉంది. ఆఫ్ మీదికి వెళ్ళి వెనక్కొచ్చాను. ఇలా రెండు మూడు సార్లు వెళ్ళొచ్చాను. నా వేళ్ళ మీద నాకే నవ్వొచ్చింది, పిల్లలెవరైనా ఇలా చేస్తే ఎంత విసుక్కునేదాన్నో. తర్వాత ఆఫ్ చేశాను.

నొక్కాను. స్పీకరు మోగింది. పెర్సిస్ క్లిప్పు నోరు తెరిచి మూస్తోంది.

మళ్ళీ నొక్కాను. శబ్దం పెంచాను. ఇంకా పెంచాను. సెకను చాలదని ఐదు సెకన్లు పెట్టాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పెర్సిస్ క్లిప్పుల్ని ఒకటొకటిగా తన గౌను అంచుకి తగిలించుకుంటోంది, వరస తప్పకుండా. వరండా చివర్నుంచి వాచ్‌మన్ సత్తిబాబు పరుగెత్తుకొచ్చి తలుపులోంచి తొంగి చూసి, ఏవండీ మేడం గారూ, ఏమైనా అయిందాండీ అన్నాడు. ఏమీ కాలేదండీ, పరీక్ష చేస్తున్నాను అన్నాను. అంత దూరంనుంచి సత్తిబాబు వచ్చాడు. నా కూతురు స్పీకరు పక్కనే ఉంది.

చాలాసేపు నొక్కుతూనే ఉన్నాను. ఎంత సేపో నాకు తెలీదు. కాసేపటికి పెర్సిస్ లేచి స్టూలు దగ్గరికి వచ్చింది. ఎల్‌ఈడీని వేలితో తట్టింది. మళ్ళీ తట్టింది. ఎందుకు వెలగట్లేదు అన్నట్టు నా మొహంలోకి చూసింది. అంత అర్థమయ్యేలా అది నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

ఇంకొకటి మిగిలింది. ప్రయోగమంటే రెండోవైపు కూడా చూడాలి. స్పీకరు తీగ పీకేసి, దాన్ని మళ్ళీ క్లిప్పుల దగ్గర కూచోబెట్టి, సింక్ ఆన్ చేశాను. నొక్కాను. ల్యాబ్‌లో చీమ చిటుక్కుమన్న శబ్దం కూడా లేదు. పెర్సిస్ టక్కున తిరిగి, వెలిగిన బల్బుని నాకు వేలు పెట్టి చూపించింది.

దానికి వినపడదు. నా పిల్లకి వినపడదు. ఇదుగో, రాశాను.

ఆయనకి ఫోన్ చేశాను. ఎక్కడున్నావన్నారు. ల్యాబ్ అన్నాను. గణపవరం మీదుగా బండి మీద వచ్చేశారు. అక్కడే జంపఖానా మీద కూచుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుని, దాని గౌనుకున్న క్లిప్పులు ఒక్కోటీ తీస్తూ నేను చెప్పిందంతా విన్నారు. ఆశ్చర్యపోలేదు. అప్పుడు అడిగాను.

"మీకు తెలుసా?"

"వేసవిలో యార్డుకి తీసుకెళ్ళాను కదా. లారీ వాడు దాని పక్కనే హారన్ కొట్టాడు. నేను ఎగిరిపడ్డాను. అది ఐసుముక్కతో ఆడుకుంటూనే ఉంది."

"మరి నాకు చెప్పొచ్చు కదండీ."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఫోన్ చేసి తిరిగిందన్నావు. నీకు తెలిసిన చదువు నాకు తెలీదు కదా. నేను చూసింది తప్పేమోననుకున్నాను. తప్పయితే బాగుణ్ణని, చాలా అనుకున్నాను స్నేహా."

నా మీద నాకు అసహ్యం వేసింది. ఆయన కళ్ళతో చూసినదాన్ని నా హెర్ట్జ్‌తో కొట్టిపారేశాను. మూడేళ్ళలోపు తేలాలని డాక్టరు గారంటే, తేలకుండా ఆపింది నేనే. అదే మాట ఆయనతో అన్నాను. సోమవారం పొద్దున్నే విజయవాడ వాళ్ళకి ఫోన్ చేద్దాంలే అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 27, ఆదివారం

అత్తయ్యగారికి చెప్పాం. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. పెర్సిస్‌ని ఒళ్ళో కూచోబెట్టుకుని, దాని అరచెయ్యి తన గొంతు మీద పెట్టుకుని పాట పాడారు. అది కళ్ళు పెద్దవి చేసి ఆ గొంతునే చూస్తూ కూచుంది. రోజూ ఇలాగే పాడతానమ్మాయ్, ఇలా అయితేనే నిద్రపోతుంది అన్నారు. పగలంతా నేను కాలేజీలో ఉంటాను, నాకీ సంగతి తెలీదు.

జూలై 28

శుక్రవారం రమ్మన్నారు. ఆరో అంశం ఫలితం రాసి మూర్తి గారికి ఇచ్చేశాను.

ఆగస్టు 1, శుక్రవారం

విజయవాడనుంచి తిరిగి వస్తున్నాం. పెర్సిస్ ఆయన భుజం మీద ఇంకా మత్తులోనే ఉంది.

పరీక్ష చేసినాయన పేరు ఆనంద్ పాల్ గారు. నెమ్మదస్తుడు. పిల్లకి నిద్రమందు పట్టించి, నుదుటి మీదా చెవుల వెనకా తీగలు అంటించి, చెవుల్లో చిన్న గొట్టాలు పెట్టారు. నేను మెషీన్ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఆయన అదోలా చూస్తే, ఈవిడ ఎలక్ట్రానిక్స్ లెక్చరరండీ, చూడనివ్వండి అన్నారు మా ఆయన.

ఆనంద్ పాల్ గారు ఓపిగ్గా చెప్పారు. చెవిలో టిక్కుమంటే మెదడు జవాబిస్తుంది, కానీ ఆ జవాబు చాలా చిన్నది, మిగతా రొదలో కలిసిపోయి కనపడదు. అందుకని వేలసార్లు టిక్కుమనిపించి, ప్రతి టిక్కూ మొదలైన క్షణంనుంచి కొలిచి, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి వేస్తారు. రొద రొదతో కొట్టుకుపోతుంది, జవాబు మిగులుతుంది. టిక్కు ఎప్పుడు మొదలైందో మెషీన్‌కి తెలియాలి కదండీ అన్నాను. దానికి వేరే తీగ ఉందండీ, ట్రిగ్గరంటాం అన్నారు. అంత దిగుల్లోనూ నాకు ఒళ్ళు పులకరించింది. ఎవరు కనిపెట్టారో గానీ, ఎంత తెలివి! సిగ్గు కూడా వేసింది, ఇప్పుడా ఇది అని. కానీ పులకరించిన మాట నిజం.

గీత మొదలైంది. గజిబిజిగా ఉన్నది నెమ్మదిగా సర్దుకుంది. సర్దుకుని చదునుగా పడుకుంది. శబ్దం పెంచారు. చదునుగానే ఉంది. ఇంకా పెంచారు. రెండో చెవికి మార్చారు. ఆయన ఏమీ చెప్పక్కర్లేదు, గీత చదవడం నాకు వచ్చు.

అయినా అడిగాను. ట్రిగ్గర్ వస్తోందో లేదో చూశారా అని. కొత్త పెట్టెల్లో ఒక్కోసారి ఆఫ్ చేసి పంపుతారండీ, నాకు మొన్న అలాగే అయింది, మెనూలో ఎక్కడో లోపల ఉంటుంది అన్నాను. ఆయన విసుక్కోలేదు. వెనక తీగ చూపించారు, మెనూ చూపించారు, గొట్టాలు మార్చి మళ్ళీ పెట్టారు. గీత చదునుగానే వచ్చింది.

నాకు పెట్టండి అన్నాను. మీకెందుకండీ అన్నారు. నేను కదలలేదు.

"పెట్టండి సార్," అన్నారు మా ఆయన. "లేకపోతే ఇంటికొచ్చాక ఈ మెషీన్ మీదే అనుమానపడుతుంది. నాకు తెలుసు."

పెర్సిస్‌ని ఆయన ఎత్తుకున్నారు. అది పడుకున్న చోటే, ఆ వెచ్చదనం ఇంకా ఉండగానే నేను పడుకున్నాను. నుదుటి మీద తీగలు, చెవిలో గొట్టం. శబ్దం తగ్గించకండి, పాపకి చివర్లో ఎంత పెట్టారో అంతే పెట్టండి అన్నాను. చాలా ఎక్కువండీ అన్నారు. కాసేపేనండీ, పెట్టండి అన్నాను.

మొదటి టిక్కుకే ఉలిక్కిపడి లేచి కూచున్నాను. చెవిలో మేకు కొట్టినట్టుంది. మళ్ళీ పడుకోబెట్టారు. పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాను. తల తిప్పి తెర వంక చూస్తే, గజిబిజిలోంచి నా అలలు ఒక్కొక్కటీ లేచి నిలబడుతున్నాయి. ఎంత చక్కగా ఉన్నాయో. మెషీన్ బాగానే ఉంది.

అంత చప్పుడు దాని చెవిలోనూ పెట్టారు. అది నోరు కొంచెం తెరుచుకుని, హాయిగా నిద్రపోయింది.

ఆగస్టు 9, శనివారం

ముందు చెవి మిషన్లు పెట్టి చూస్తారట, తర్వాత ఆపరేషన్ సంగతి. ఇంకా ఆలస్యం కాలేదన్నారు డాక్టరు గారు. అది విన్నాక ఊపిరి పీల్చుకున్నాను. ఎంత వస్తుందో, ఏమొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. అడగడం నేనూ మానేశాను, చూద్దాం.

ఈ రోజు చెవి అచ్చు తీశారు. మెత్తటి గులాబీ రంగు ముద్ద చెవిలో పెట్టి, అది గట్టిపడేదాకా కదలకుండా పట్టుకోమన్నారు. చల్లగా తగిలిందో, గిలిగింతలే పెట్టిందో, పెర్సిస్ ఒక్కసారిగా పకపకా నవ్వింది. గదిలో అందరూ తిరిగి చూశారు. పక్క గదిలోంచి ఎవరో తొంగి చూశారు. అత్తయ్యగారు కూడా నవ్వేశారు.

దాని నవ్వు అంత గట్టిగా ఉంటుందని దానికింకా తెలీదు.